అంచు గుంతలేనా?

కుట్టు దుకాణం, పైగది
జూన్ 9

ఒసే ఉడతా,

ఉత్తరమేమిటి, ఫోనుకేం రోగం అనుకుంటున్నావా? రోగం ఫోనుకు కాదే, నా వేళ్ళకు. తెరమీద ఎంత నొక్కినా అది నన్ను ఖాతరు చెయ్యడం లేదు. వేలు ఎక్కడ ఆనిందో నాకే తెలియడం లేదు, దాన్నని ఏం లాభం? పోనీ మాట్లాడదామంటే నువ్వు "అక్కా, ప్రయోగంలో ఉన్నా, తర్వాత చేస్తా" అంటావు. ఆ తర్వాత అనేది ఏ క్యాలెండర్లోనూ లేదు. అందుకని కలానికి గుడ్డపీలిక చుట్టి, లావుగా చేసుకుని, పిడికిట్లో పట్టుకుని రాస్తున్నాను. కోడిగీతల్లా ఉన్నా చదువుకో. పెద్ద చదువులు చదివావుగా.

మొన్న ఒకాయన తెల్ల చొక్కాకు కాలరు కుడుతుంటే సూది వేల్లో దిగింది. దిగినట్టు నాకు తెలియదు. చొక్కా ఎర్రబడ్డాక మీ బావ చూసి కేకేశారు. నాన్నకూ ఇలాగే మొదలైంది, గుర్తుందా? కాలి చెప్పు ఊడిపోయినా తెలియక అలాగే వీధి చివరిదాకా నడిచేవాడు. మనిద్దరం వెనకాల నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే నా మొహం నాకే చూసుకోబుద్ధి కాదు.

ఇక అసలు సంగతి. లివర్ డాక్టరమ్మ ఏమందంటే, ఆ పాడు ప్రొటీను లివర్లో తయారై నరాల్లో పేరుకుంటోందట. లివరే మారిస్తే అక్కడితో ఆగుతుందట. ఎవరైనా పోయినప్పుడు వాళ్ళ లివర్ ఇవ్వడానికి ఒక వరస ఉంటుంది, అందులో నా పేరు రాసింది. "రక్తసంబంధీకుల్లో జబ్బు లేనివాళ్ళు ఉన్నారా? వాళ్ళు ఒక ముక్క ఇచ్చినా చాలు, మళ్ళీ పెరుగుతుంది" అని కూడా అడిగింది. "ఉందండీ, ఒక్కత్తే చెల్లెలు. దాని పరీక్షలో ఏమీ లేదని తేలింది. కానీ దాన్ని కోసేస్తే నా మందు ఎవరు చేస్తారు?" అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

పేపర్లో మీ ల్యాబు ఫొటో పడింది చూశావా? నువ్వు వెనక వరసలో, సగం మొహం. అది కత్తిరించి ట్రయల్ రూం అద్దం పక్కన అంటించాను. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళందరికీ ఒకటే పాఠం: మా చెల్లెలు పాడు ప్రొటీను నోరు మూయించే మందు కనిపెట్టిందని. ఒకావిడ జాకెట్టు సంగతి మర్చిపోయి వెళ్ళిపోయింది పాపం.

ఆపరేషనా, నీ మందా? నువ్వెలా అంటే అలా.

నీ కోడిగీతల అక్క

*

ప్రయోగశాల, మూడో అంతస్తు
జూన్ 21

అక్కా,

నీ అక్షరాలు బాగానే ఉన్నాయి. సూది పని కొన్నాళ్ళు మానెయ్, కత్తిరింపులు మాత్రం చూసుకో. కాదు, కత్తెర కూడా వద్దు.

పేపరువాళ్ళు ఎప్పుడూ గోరంతను కొండంత చేస్తారు. మా పని చాలా చిన్నది. ఆర్‌ఎన్‌ఏ అంటే ఒక చిన్న ఉత్తరం అనుకో. "ఫలానా ప్రొటీను చెయ్యకు" అని కణానికి చెబుతుంది. దాన్ని విడిగా రక్తంలో పడేస్తే నిమిషాల్లో చిరిగి ముక్కలైపోతుంది. పోనీ కణం దాకా చేరినా అది తలుపు తియ్యదు. అందుకని కవరు కావాలి. ఆ కవరు తయారు చెయ్యడమే నా ఉద్యోగం. పాలిమర్ అంటే పొడుగాటి గొలుసు. దానికి ప్లస్ చార్జి, ఆర్‌ఎన్‌ఏకు మైనస్. రెండూ కలిపితే అంటుకుని ఉండ కడతాయి. ఆ ఉండను కణం మింగుతుంది, లోపలికెళ్ళాక ఉండ విడిపోయి ఉత్తరం బయటపడాలి. వేరే జబ్బులకు కొవ్వు బొట్లలో పెట్టి పంపే మందులు వచ్చాయి. మనింటి రకానికి ఇంకా ఏదీ లేదు.

ఎలుకల మీద మొదలుపెట్టాం. ఎంత కాలం పడుతుందో చెప్పలేను. డాక్టరమ్మతో నువ్వు వేసిన జోకుకు నవ్వొచ్చింది.

ఆపరేషనంటే మాటలు కాదక్కా. బతికినంతకాలం మందులు మింగాలి. తొందరపడకు.

బావగారికి నమస్కారాలు.

నీ ఉడత

*

కుట్టు దుకాణం
జూలై 18

ఉడతమ్మా,

నీ ఉత్తరం నేను చదివాను, మీ బావ చదివారు, కాజాలు కుట్టే ఆవిడ చదివింది, పై వాటా మేష్టారు రెండుసార్లు చదివి "భాష బాగుంది" అని మార్కులు కూడా వేశారు. నీ కవరు సంగతి ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. ఎవరైనా అడగడమే ఆలస్యం.

ఆస్పత్రి హాల్లో నా పక్క కుర్చీ ఆయన ఒకరున్నారు, బస్సు డ్రైవరు. ఆయనదీ ఇదే జబ్బు, మన రకమే. బ్రేకు మీద కాలు ఆనిందో లేదో తెలియడం లేదని ఒకరోజు తనంతట తనే డిపోకు వెళ్ళి తాళాలు ఇచ్చేశాడట. అంత నిక్కచ్చి మనిషి. ఆయన పేరూ వరసలో ఉంది, ఆపరేషనంటే మాత్రం గుండెల్లో రాయి. నీ ఉత్తరం తీసి చదివి వినిపించాను. "మందు చేసే అమ్మాయే తొందరపడొద్దంటుంటే ఇంక వీళ్ళ మాటేంటమ్మా!" అని అక్కడికక్కడే లేచి వెళ్ళి పేరు తీయించుకున్నాడు. వాళ్ళావిడ నా చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు ఆ చేతుల వెచ్చదనం తెలియలేదనుకో, అయినా ఎంత గొప్పగా అనిపించిందో.

నా పేరు వరసలో ఉంది, ఎక్కడికీ పోదులే. కాళ్ళు కాస్త మొద్దుబారుతున్నాయి. మెట్లు దిగేటప్పుడు చూసుకుని దిగుతున్నాను. నువ్వు కంగారుపడి పని పాడుచేసుకోకు.

గొప్పింటి అక్క

*

తాళాల రిపేరు బంకు
ఆగస్టు 3

మరదలికి ఆశీస్సులు.

మీ అక్కకు తెలియకుండా రాస్తున్నాను. పదహారేళ్ళ కాపురంలో ఆమె చాటున చేసిన పని ఇదొక్కటే.

ఆమె నీకు రాయలేదని తెలుసు కాబట్టి నేను చెబుతున్నాను. జూలై 11న మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. లివర్ ఒకటి దొరికింది, సరిపోతుంది, రెండు గంటల్లో రమ్మన్నారు. నేను బంకు మూసి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి మీ అక్క కుర్చీలో కూర్చుని చీరకు ఫాల్ వేయిస్తోంది. "వద్దని చెప్పేశాను. అది తొందరపడకు అని రాసిందిగా" అంది. నేను అరిచాను, బతిమాలాను, చివరికి కాళ్ళు పట్టుకున్నాను. "మీకు మా చెల్లెలి మీద నమ్మకం లేదు" అని ఏడ్చింది. ఆ లివర్ ఇంకెవరికో వెళ్ళింది. వాళ్ళు బాగుండాలి.

పోయిన వారం మెట్ల మీంచి పడింది. నాలుగే మెట్లు. దెబ్బ పెద్దది కాదు గానీ కింద పడ్డాక కూడా నవ్వుతూ "కాలు ఏ మెట్టు మీదుందో అదే చెప్పదండీ" అంది. మీ నాన్నగారి ఆఖరి రెండేళ్ళు నేను చూశాను. నీకు చిన్నతనం.

నాకు నీ చదువు అర్థం కాదమ్మా. తాళం పాడైతే విప్పి చూస్తాను, తిరిగేదైతే తిరుగుతుందని చెబుతాను, తిరగనిదైతే మార్చుకోమంటాను. నువ్వూ నాకు అంతే చెప్పు. ఏడాదిలోపు నీ మందు వస్తుందా, రాదా? ఒక్క ముక్క రాస్తే చాలు.

మీ బావ

*

అద్దె గది
ఆగస్టు 14

అక్కా,

ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది అయిదోసారి. ముందు నాలుగింటిలో మొదట నా కష్టాలు రాసి తర్వాత నా తప్పు రాశాను. చదువుకుంటే నాకే ఒళ్ళు మండింది. అందుకని ఇందులో తప్పే ముందు.

నా మందు పనిచెయ్యదు. పేపర్లో ఫొటో పడిన రోజుకే ఆ సంగతి నాకు తెలుసు.

మా దగ్గర అరచేయంత ప్లాస్టిక్ ప్లేట్లుంటాయి. ఒక్కోదాంట్లో తొంభయ్యారు చిన్న గుంతలు. గుంతల్లో కణాలు పెంచుతాం. కొన్నిటిలో నా కవరులో అసలు ఉత్తరం పెట్టి వేస్తాం. కొన్నిటిలో అదే కవరులో పిచ్చి అక్షరాల ఉత్తరం, అంటే ఏ అర్థమూ లేని ఆర్‌ఎన్‌ఏ పెట్టి వేస్తాం. అసలు ఉత్తరం అందిన కణాలు ఆ ప్రొటీను మానెయ్యాలి. పిచ్చి ఉత్తరం అందినవి మామూలుగా ఉండాలి. అలా ఉంటేనే మందు. నా ప్లేటులో రెండు రకాలూ మానేశాయి. అంటే అవి ఉత్తరం చదివి మానెయ్యలేదక్కా. నా కవరే వాటికి విషమైంది. ప్రాణం మీదికొచ్చినవాడు ఏ పనీ చెయ్యడు, ఆ ప్రొటీనూ చెయ్యడు.

మా ల్యాబు పెద్దాయన, నాకు ఈ పని నేర్పినాయన, అంకెలు చూసి ఆగాడు. "పిచ్చి ఉత్తరం గుంతలు కూడా పడిపోయాయేమిటమ్మా? అంచు గుంతలేనా?" అన్నాడు. ప్లేటు అంచుల్లో ఉన్న గుంతల్లో ద్రవం తొందరగా ఆరిపోతుంది, అక్కడి అంకెలను ఎవరూ నమ్మరు. మాకందరికీ తెలిసిన సంగతే, అందరికీ అలవాటైన సాకే. నావి అంచు గుంతలు కావు. నాలుగో వరసలో, ప్లేటుకు నట్టనడుమ ఉన్నాయి.

"అవునండీ" అన్నాను.

"అయితే వాటిని తీసెయ్" అన్నాడు. ఆయన నన్ను నమ్మాడు. తీసేశాను. ఆ తర్వాత ఇంకో మూడు ప్లేట్లు చేశాను. రెండింటిలో మళ్ళీ అదే కథ. మూడోదాంట్లో ఎందుకో కాస్త తేడా కనిపించింది. దాన్నే పరిశోధన పత్రికకు పంపాను. ఎలుకల్లోనూ అంతే, పిచ్చి ఉత్తరం ఇచ్చినవి కూడా తిండి మానేసి మూలకు నక్కాయి. ఆరేళ్ళు ఆ గొలుసుల వెంట పడ్డాను. ఏమీ రాలేదని చెప్పడానికి నోరు రాలేదు. అప్పటినుంచీ ల్యాబులో ఎవరు "అంచు" అన్నా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాను.

నా ఫొటో అద్దం పక్కన అంటించానని నువ్వు రాసినప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అలా సిగ్గుపడుతూనే నీకు తొందరపడకు అని రాశాను. ఆపరేషన్ చేయించుకో అంటే నా మందు దండగ అని ఒప్పుకున్నట్టవుతుందని.

జూలై 11 సంగతి బావగారు రాశారు. ఆయన్ని ఏమీ అనకు. రేపే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. డ్రైవరుగారికి చెప్పు, ఆలస్యం చెయ్యొద్దని చెప్పు. పెద్దాయనకు సోమవారం చెబుతాను.

క్షమించమని అడిగే మొహం లేదు.

చెల్లెలు

*

కుట్టు దుకాణం
ఆగస్టు 25

చెల్లెలికి,

అందింది.

డాక్టరమ్మను కలిశాను. ఆ రోజు వద్దన్నాక పక్కన పెట్టారట, నా పేరు మళ్ళీ వరసలో చేర్చింది. ఈ నరాలు ఇలాగే చచ్చుబడుతూ పోతే, గుండెకు కూడా పాకితే, అప్పుడు లివర్ దొరికినా ఆపరేషన్ చెయ్యరట. ఎన్ని నెలలు అని అడిగాను. ఆవిడ కాగితాలు సర్దుకుంది.

డ్రైవరు ఇంటికి వెళ్ళాను. మీ బావ తోడొచ్చారు. వాళ్ళావిడ నన్ను చూడగానే ఇంట్లో ఉన్న ఒక్క మంచి కుర్చీ తుడిచి వేసింది. టీ పెట్టింది. కప్పు నా చేతిలో నిలవదని తనే పట్టుకుని తాగించింది. ఆయన "ఏమంటోందమ్మా మన చెల్లెమ్మ?" అన్నాడు. మన చెల్లెమ్మ అన్నాడే! "మందు ఆలస్యమవుతుందట, ఈలోగా వరసలో పేరు రాయించుకోండి" అని చెప్పి వచ్చేశాను. నీ అబద్ధానికి నేను లైనింగు వేసి కుట్టిచ్చాను. ఆయన పేరు రాయించుకున్నాడు. మొదట్లో మూడో పేరు ఆయనది, ఇప్పుడు పంతొమ్మిదోది. ఎవరివల్ల? నువ్వు ఒక్క "అవునండీ" అన్నావు. నేను ఊరంతా తిరిగి చెప్పాను.

అద్దం పక్కన కాగితం చింపేశాను. గోడకు జిగురు మరక ఉండిపోయింది. వచ్చినవాళ్ళు "మీ చెల్లెలి ఫొటో ఏదండీ?" అంటున్నారు. సున్నం వేయించాలంటున్నాను.

పెద్దాయనకు సోమవారం చెబుతానని రాశావు. చెప్పానని రాయలేదు. నీ ఉత్తరం వచ్చాక ఒక సోమవారం వెళ్ళిపోయింది.

అక్క

*

అద్దె గది
సెప్టెంబరు 12

అక్కా,

ఆ మొదటి సోమవారం చెప్పలేదు. ఆయన గది ముందు దాకా వెళ్ళి, నీళ్ళు తాగి, వెనక్కి వచ్చేశాను. నీ ఉత్తరం వచ్చాక వెళ్ళాను.

నోట్‌బుక్ ముందు పెట్టి, "అవి అంచు గుంతలు కావండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి పేజీ మీదికి వంగి నాలుగో వరస మీద వేలు పెట్టి ఒక్కొక్క గుంతే లెక్కపెట్టుకున్నాడు. అరుస్తాడనుకున్నాను. "నేను ప్లేటు చూడాల్సింది" అని మాత్రం అన్నాడు. తిట్టినా బాగుండేది. మర్నాడు అందరినీ పిలిచి ఆయనే చెప్పాడు. మేం అచ్చువేయించిన పరిశోధన వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ఆ పత్రికకు ఉత్తరం వెళ్ళింది. దానికింద మొదటి సంతకం నాది. నా తాళంచెవి తీసేసుకున్నారు. నా గొలుసులన్నీ సీసాల్లో ఉన్నాయి, వాటి మీద నా చేతిరాతతో చీటీలు. నాతో కలిసి పనిచేసినవాళ్ళు ఎదురుపడితే పలకరిస్తూనే ఉన్నారు. ఆ పలకరింపులు భరించలేక మెట్లదారిన తిరుగుతున్నాను.

దీనితోపాటు డ్రైవరుగారికి ఒక ఉత్తరం పెట్టాను. అంటించలేదు. చదివి, అంతా ఉందనిపిస్తేనే ఇవ్వు. నువ్వు వేసిన లైనింగు కూడా నాదేనని రాశాను.

ఇంకొకటి ఉంది. పోయిన ఉత్తరంలో అంతా చెప్పేశానని అనుకున్నావు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను. తొందరపడకు అని రాసింది ఒక్క మందు కోసమే కాదు. రక్తసంబంధీకులు ముక్క ఇవ్వొచ్చని డాక్టరమ్మ అడిగిందని రాశావే, ఆ వాక్యం దగ్గర నా చెయ్యి పొట్ట మీదికి వెళ్ళిపోయింది. నాకు జబ్బు లేదు, మనిద్దరి రక్తం ఒకే గ్రూపు. ఆ సంగతి నాకు నీకంటే ముందు తెలుసు, నా పరీక్ష ఫలితం వచ్చిన రోజు నుంచే తెలుసు. ఆపరేషన్ చేయించుకో అని రాస్తే తర్వాతి ఉత్తరంలో నన్ను అడుగుతావేమోనని భయపడ్డాను. నువ్వు జోకు చేసి నన్ను వదిలేశావు. నేను నవ్వొచ్చిందని రాశాను. నవ్వు రాలేదక్కా, ప్రాణం కుదుటపడింది. అది తలుచుకుంటే మిగతా అబద్ధాలన్నీ నయమనిపిస్తున్నాయి.

భయం ఇప్పటికీ ఉంది. అబద్ధం చెప్పను. అయినా డాక్టరమ్మకు నేనే ఫోన్ చేశాను. పరీక్షలకు ఏ గురువారమైనా రావొచ్చంది. నీకు ఇష్టమైతేనే.

చెల్లెలు

*

కుట్టు దుకాణం
సెప్టెంబరు 22

ఉడతా,

ఇది కాజాలావిడ రాస్తోంది, నేను చెబుతుంటే. నా పిడికిలి ఇక కలాన్ని పట్టడం లేదు. కాబట్టి ఇందులో ఉన్నదంతా ఆవిడకూ తెలుస్తుంది. తెలియనీ.

డ్రైవరుకు నీ ఉత్తరం ఇచ్చాను. నేను చెప్పిన అబద్ధం కూడా నా నోటితోనే చెప్పాను. ఆయన మొత్తం చదివి, మడతల మీదే మళ్ళీ మడిచి, నా ఒళ్ళో పెట్టాడు. "రాయడం సులువమ్మా. వచ్చి నా ఎదురుగా కూర్చుని చెప్పమనండి" అన్నాడు. వాళ్ళావిడ ఈసారి కుర్చీ వెయ్యలేదు. బయటికొచ్చాక మీ బావ భుజం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నువ్వు వచ్చిన రోజున ముందు అక్కడికే వెళదాం. నేనూ నీ పక్కనే నిలబడతాను, ఎందుకంటే ఆ మనిషి దగ్గర తలవంచుకోవాల్సింది నేను కూడా.

నీ చివరి ముక్క చదివాక మూడు రోజులు నీ పేరు ఎత్తలేదు. మీ బావ అడిగితే విసుక్కున్నాను. కవరు విషమైందన్నావు, ప్రయోగం పాడైందన్నావు, అవన్నీ ఎలాగో మింగాను. పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నానన్నావే, అది మింగుడు పడలేదు. నీకు ఏడేళ్ళప్పుడు నిన్ను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తినదాన్ని నేను. అడగకుండానే ఇస్తావని లోపల ఎక్కడో ఎదురుచూశాను కాబోలు. జోకుగా అడిగింది కూడా అందుకేనేమో. సూటిగా అడగడానికి నాకూ సిగ్గేసింది.

నాలుగో రోజున స్నానాలగదిలో పడ్డాను. లేవలేకపోయాను. అలా చన్నీళ్ళలో కూర్చుని, ఈ ముక్క నాకొద్దు, అది సిగ్గుతో ఇచ్చే ముక్క, నాకు రోషం లేదా అనుకున్నాను. వెంటనే ఇంకో మాట వచ్చింది: సిగ్గుతో ఇస్తే ఏం, భయంతో ఇస్తే ఏం, నాకు కావాలి. నాకు బతకాలని ఉందే. నలభై నాలుగేళ్ళ మనిషిని, ఇంత ఆశ ఏమిటని నామీద నాకే అసహ్యమేసింది. అయినా ఉంది. కాజాలావిడ ఇక్కడ రాయడం ఆపి ఏడుస్తోంది, నేను కసురుతున్నాను.

గురువారం రా. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినొద్దట, రక్తం తీస్తారు. నీకు సూదంటే భయం కదా, అటు తిరిగి కూర్చో.

నిన్ను క్షమించలేదు. క్షమించానని రాయించొచ్చు, కానీ మనిద్దరం చెప్పిన అబద్ధాలు చాలు. నిన్న డాక్టరమ్మను అడిగాను, ముక్క ఇచ్చేవాళ్ళ మీద పీకలదాకా కోపం ఉంటే అది లోపల సరిగ్గా అతుక్కుంటుందా అని. "దానికి అవన్నీ తెలియవమ్మా, అతుక్కుంటుంది" అంది.

అక్క